వృద్ధుల నోరు, ఒంటి కండ, వంశపు మాట

ఈ నెల మాకు వచ్చిన లేఖలలో మూడు ఒకే సంగతిని గూర్చినవి. మూడును హైదరాబాదు తూర్పు భాగమునుండియే వచ్చినవి. రెండు దిల్‌సుఖ్‌నగరునుండి, ఒకటి ఎల్.బి.నగరునుండి. వానిలో నొక కోడలు ఇట్లు వ్రాసినది: “మా అత్తగారికి 72 ఏండ్లు. దవడపండ్లు చాలవరకు పోయినవి. రెండేండ్లనుండి చారన్నము, రాగిజావ, మజ్జిగ తప్ప మరియేమియు ముట్టరు. చేతి గాజులు మోచేతిదాక జారుచున్నవి. మెట్టెక్కవలెనన్న గోడ పట్టుకొందురు. వైద్యునికి చూపుదమన్న, ‘మా వంశమే యింతమ్మా, మా అమ్మకును అరువదియేండ్లకే పండ్లూడి, ఎముకలగూడయి పోయినది’ అందురు. వంశముననున్న దానికి మందు గలదా?”

నోటికిని, ఒంటి కండకును, వంశమునకును సంబంధము లేకపోలేదు. కాని అది ఆ పెద్దమ్మ తలచిన సంబంధము కాదు. ఆ మాటను నమ్మి ఇంటివారు చేతులు ముడుచుకొని కూర్చున్నచో, చేయదగిన పని చేయదగిన కాలమున జరుగక పోవును. కావున ఈ నెల మా పుటలను దీనికే వినియోగించుచున్నాము.

వయసు మీరినకొలది కండ తరుగుట లోకమెరిగినదే. అయినను దానికొక పేరు పెట్టి శ్రద్ధగా విచారించుట ఇటీవలి మాట. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అను అమెరికా వైద్యశాస్త్రజ్ఞుడు గ్రీకు భాషలో మాంసమునకును లేమికిని గల పదములను కూర్చి ‘సార్కోపీనియా’ యను పేరు పెట్టెను. 2016లో అమెరికావారి రోగముల పట్టికలో దానికి వేరుగా ఒక సంఖ్య దొరకినది. ముప్పదియేండ్లు దాటినది మొదలు పదేండ్లకొకమారు నూటికి మూడునుండి ఎనిమిది పాళ్ళ కండ తరుగుననియు, అరువది దాటిన పిదప ఈ తరుగు హెచ్చుననియు వైద్యులందురు. కండ పరిమాణముకంటె దాని బలము మరింత వేగముగా తగ్గును. ఇది బక్కచిక్కినవారికే వచ్చునని తలపరాదు. ఒళ్ళు నిండుగా నున్న మామగారి తొడలలో కొవ్వు పేరుకొని, లోపల కండ సన్నగిల్లియుండవచ్చును. చూచువారు ఆరోగ్యమేయనుకొందురు.

నోటిలో కండ యేమున్నదని కొందరడుగుదురు. నోరంతయు కండయే. నాలుక కండముద్ద, బుగ్గలు కండలు, దవడ కదపునది కండ, ముద్దను గొంతునుండి క్రిందికి దింపునదియు కండయే. కాళ్ళు చేతులు సన్నగిల్లునపుడు ఇవి మాత్రము తప్పించుకొనవు. అంతకంటె గమనింపదగినది, ఈ చెరుపు రెండు వైపులనుండియు నడచుట. దంతములు పోయినవారు నమలుట మానుదురు. నమలనిచో దవడకండ చిక్కును. గట్టి పదార్థము విడిచి మెత్తనిదానికి దిగుదురు. మెత్తనిదానిలో బలమిచ్చు మాంసకృత్తులు తక్కువ. అవి చాలక ఒంటి కండ తరుగును. దానితోబాటు నాలుకయు గొంతును బలహీనమగును. అప్పుడు మెత్తనిదియు మ్రింగలేక పలుచనిది కోరుదురు. గానుగెద్దు నడకవలె ఇది యట్లే తిరుగుచుండును.

జపానువారు ఈ సంగతిని అందరికంటె ముందుగా పట్టుకొనిరి. 1989లోనే అక్కడ ‘ఎనుబదియేండ్లకు ఇరువది దంతములు’ అను ఉద్యమము మొదలైనది. తరువాత వారి వృద్ధ దంతవైద్య సంఘము 2016లో నోటి శక్తి తరుగుటను ఒక రోగముగా నిర్వచించి, నాలుక ఒత్తిడి, నమలుట, మ్రింగుట, నోటి తడి మున్నగు ఏడు గురుతులను నిర్ణయించినది. కాషివా యను పట్టణమున సుమారు 2000 మంది వృద్ధులను నాలుగేండ్లకు దగ్గరగా కనిపెట్టి చూచి, 2018లో ఫలితములు ప్రకటించిరి. నోటి బలము పలు విధముల తగ్గినవారిలో కండ తరుగుటయు, పరుల సాయముపై నాధారపడుటయు, మరణమును తక్కినవారికంటె రెండింతలకు పైగా కనబడెను. దంతముల మాట మూతికి సంబంధించినదేయని యింక ననుటకు వీలులేదు.

ఇక వంశపు మాట. వంశము అబద్ధమని మేమనము. కవలపిల్లలను పోల్చి చూచిన పరిశోధనలలో, పిడికిటి బలమున మనిషికిని మనిషికిని గల భేదమునకు సుమారు సగము పుట్టుకయే కారణమని తేలినది. 1999లో ఆస్ట్రేలియాలోని కాథ్రిన్ నార్త్ అను విదుషియు ఆమె సహచరులును కండలోని యొక జన్యువును గూర్చి వింత విషయము కనిపెట్టిరి. వేగముగా కదలు కండకు వలసిన యొక పదార్థము లోకమున నూటికి సుమారు పదునెనిమిదిమందికి పుట్టుకతోనే యుండదు. అయినను వారు రోగులు కారు, సుఖముగా జీవింతురు. 2021లో ఐరోపా సంతతికి చెందిన రెండులక్షల యేబదివేలకు మించిన వృద్ధులను పరిశీలించి, పిడికిటి బలహీనతతో సంబంధమున్న 15 జన్యుస్థానములను గుర్తించిరి. వానిలో ఒక్కొక్కటి చేయు కీడు బహు స్వల్పము. ఒక్క జన్యువు చెడి ముసలితనమున కండయంతయు కరగించుననుట సామాన్యుల విషయమున పొసగదు.

జన్యువులతో శాస్త్రజ్ఞులు ఇంకొక యుపాయము పన్నిరి. తల్లినుండి ఏది, తండ్రినుండి ఏది బిడ్డకు సంక్రమించునో అది చీట్లు తీసినట్లు జరుగును. ఆ చీట్లను తరువాతి ధనము గాని, దారిద్ర్యము గాని, అలవాటు గాని మార్చలేవు. కావున పుట్టుకతో బలహీనమైన కండ చీటి పడినవారికి మ్రింగుట చెడుచున్నదా, పుట్టుకతో నోటి వ్యాధి చీటి పడినవారికి కండ తరుగుచున్నదా అని విడదీసి చూతురు. దీనికి మెండెల్ పండితుని పేరు పెట్టిరి. ఏది కారణము, ఏది కార్యము అని తేల్చుటకు ఇది మంచి పద్ధతియే. కాని ఇట్టి పరిశోధనలలో చాలవరకు ఐరోపావారి రక్తమునుండి తీసిన లెక్కలు. వానిని తెచ్చి మన సరూర్‌నగరు అవ్వకు అట్లే అంటగట్టుట తొందరపాటగును. మన దేశీయుల పదివేలమంది జన్యుపటములు 2024 నాటికి పూర్తియైనవి. ఆ కార్యమున పాలుగొన్న సంస్థలలో నొకటి ఎల్.బి.నగరునకు ఉప్పలు మీదుగా కొద్ది దూరమున, హబ్సిగూడలోనున్న సి.సి.ఎం.బి. మన యిరుగుపొరుగు పనియే యిది.

ఆ సంస్థవారు పాలుగొన్న మరియొక పరిశోధన, 2017లో ప్రకటింపబడినది, మన గృహిణులు తెలిసికొనవలసినది. పలు తరములుగా తమలో తామే వివాహములు చేసికొనిన సమూహములలో కొన్ని అరుదైన లోపములు హెచ్చుగా కనబడును. తెలుగుదేశపు వైశ్య కుటుంబములలో ఒక రసాయనపు లోపము అట్టిది. శస్త్రచికిత్సకు మత్తిచ్చునపుడు కండలను సడలించుటకు వాడు సక్సినైల్‌కోలిన్ అను మందు ఇతరులకు కొద్ది నిమిషములలో విడును. ఈ లోపమున్నవారికి గంటలు పట్టును, ఊపిరి తీయు కండలు సైతము కదలవు. కావున ఇంటిలో ఎవరికైన మత్తుమందు తరువాత మెలకువ ఆలస్యమైన కథ యున్నచో, తుంటియెముక విరిగిన పెద్దవారిని బల్లపై పరుండబెట్టకమునుపే మత్తువైద్యునికి చెప్పవలెను. వంశపు మాటను ఇట్టి చోట వాడుకొనవలెను. జావ త్రాగించుటకు దానిని సాకుగా చేయరాదు.

ఏలయన, ఇంటిలో నందరికిని ఉన్నది వంశముననే వచ్చెనని చెప్పుటకు వీలులేదు. ఎల్.బి.నగరున కాపురమున్నవారిలో నల్లగొండనుండి వచ్చినవారెందరో కలరు. వారి పెద్దల దంతములపై గోధుమరంగు చారలుండుట మనము చూచినదే. తాతకున్నది, తండ్రికున్నది, తమ్మునికిని ఉన్నది. వంశమని అందుమా? అది వారు చిన్ననాడు త్రాగిన బావినీటిలోని ఫ్లోరైడు. మన దేశమున దీనిని గూర్చిన తొలి వైద్య నివేదిక 1937లో నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లానుండి వెలువడినది. ఒకే రక్తమున్నవారు ఒకే బావినీరు త్రాగుదురు, ఒకే కుండలోని యన్నము తిందురు. ఏది రక్తముననుండి వచ్చెనో, ఏది కుండనుండి వచ్చెనో పైకి తెలియదు. పండ్లూడిన తల్లియు, పండ్లూడిన కూతురును ఒకే వక్కపొడి డబ్బానుండి తీసికొనియుండవచ్చును. ఇద్దరును ఇంటిలో అందరి తరువాత, అడుగంటిన గిన్నెలతో భోజనము చేసియుండవచ్చును.

ఎల్.బి.నగరు కూడలినుండియే నాగార్జునసాగరు రోడ్డున పోయినచో ఇబ్రహీంపట్నము వచ్చును. ఆ ప్రాంతమునను దాని చుట్టుపట్లను 29 గ్రామములలో జరిగిన విచారణ ఈ సందర్భమున చాల విలువైనది. 1987 మొదలు 1990 వరకు వానిలో 15 గ్రామములందు గర్భిణులకును పసిబిడ్డలకును ప్రభుత్వ పథకము క్రింద అదనపు ఆహారము అందినది; తక్కినవానికి అందలేదు. ఆ బిడ్డలు ఇరువదియేండ్లవారైన పిదప 1446 మంది ఒంటి కండను యంత్రముతోను, పిడికిటి బలమును పట్టుడుసాధనముతోను కొలిచి 2014లో ప్రకటించిరి. చిన్ననాటి యా యాహారమువలన పెద్దయిన పిదప కండ హెచ్చెనని తేలలేదు. అయితే ప్రస్తుతము తినుచున్న ఆహారము, చేయుచున్న దేహశ్రమ, ఇంటి స్థితి, ఇవి కండకును బలమునకును తోడ్పడుచున్నట్లు కనబడెను. వారు యువకులు, మన ప్రశ్న వృద్ధులను గూర్చినదనుట నిజమే. అయినను తల్లికడుపునాటి సంగతికంటె నేటి కంచపు సంగతి గట్టిగా పలికినదని మేము గ్రహించితిమి.

కావున కంచము చూతము. పైని కోడలు వ్రాసిన భోజనమునే లెక్కింతము. దినమున బియ్యము 150 గ్రాములు, అందు మాంసకృత్తులు సుమారు 12 గ్రాములు. జావకు రాగిపిండి 30 గ్రాములు, అందు 2. ఉదయము ఉప్మాకు రవ్వ 50 గ్రాములనుకొన్నను 5 లేక 6. మజ్జిగకు పెరుగు ఒక చిన్న గిన్నెడు, 3. కాఫీకి పాలు, 3. చారులో పప్పు తేరుకున్న నీరే గదా, ఒకటి. మొత్తము 27 గ్రాములు దాటదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము దేహపు తూకమున కిలో ఒక్కింటికి 0.83 గ్రాములు వలయును. 50 కిలోల మనిషికి అది 41 గ్రాములకు మించును. వృద్ధులకు కిలోకు ఒకటినుండి 1.2 వరకు ఉండవలెనని 2013లో పలు దేశముల నిపుణులు చెప్పిరి. అనగా 50 మొదలు 60 గ్రాములు. కడుపు నిండినదని అత్తగారనుచున్నారు, నిజమే. కడుపు నిండినది, కండ పస్తున్నది. ప్రేమతో మెత్తగా వండిపెట్టు కోడలికి ఈ మాట కష్టముగా తోచును. ఆమె తప్పేమియు లేదు. మెత్తనిదనగా పలుచనిదియే యని మన యిండ్లలో చిరకాలమునుండి పాతుకొనిన యభిప్రాయమిది.

మెత్తగా నుండియు సారమున్న పదార్థములు మన వంటింటిలో కొరవడలేదు. చారుకు బదులు ముద్దపప్పు, 30 గ్రాముల పప్పుతో చేసినచో 6 గ్రాములకు తక్కువ కాదు. ఒక కోడిగుడ్డు, ఉడికించి మెదిపినను పొరటు చేసినను, 6 గ్రాములు. మజ్జిగకు బదులు గట్టిపెరుగు మరియొక గిన్నెడు, 4 లేక 5. వేయించిన పల్లీలను మెత్తగా దంచిన పొడి 20 గ్రాములు అన్నమున కలిపిన, సుమారు 5. ఇంతతో 27 కాస్తా 48, 49 అగును. పెసరట్టును పలుచగా కరకరలాడునట్లుగాక దళసరిగా మెత్తగా పోసినచో చిగుళ్ళతోనే తినవచ్చును. మాంసాహారులయిండ్లలో ముల్లు తీసిన చేపల పులుసు, ఖీమా కలవు. రంజాను మాసమున దిల్‌సుఖ్‌నగరు బజారున అమ్ము హలీము చూడుడు: మాంసము, గోధుమలు, పప్పు గంటలకొలది ఉడికించి ముద్దయగునట్లు నూరినది. పండ్లులేనివారికొరకే కనిపెట్టిరా యనిపించును! నెయ్యియు ఉప్పును హెచ్చు గనుక దినదినము తినుమని మేము చెప్పము. ఇక సంక్రాంతి సకినాలను రోట దంచి పాలలో కలుపుకొను అవ్వలకు మేము నేర్పవలసినదేమియు లేదు.

ఒక హెచ్చరిక. మూత్రపిండముల వ్యాధి యున్నవారికి మాంసకృత్తులు హెచ్చించుటకు ముందు వైద్యునడిగి తీరవలెను. మధుమేహ రోగులును తమ వైద్యునితో మాటలాడుట మంచిది. ఆ రోగమునకును చిగుళ్ళ వ్యాధికిని పరస్పర పోషణమున్నది, ఒకటి ముదిరిన రెండవది ముదురును.

కండ తరిగినదో లేదో ఇంటనే కొంత తెలియును. పెద్దవారి రెండు బొటనవ్రేళ్ళను, రెండు చూపుడువ్రేళ్ళను కలిపి ఉంగరముగా చేసి, పిక్క లావుగా నున్న చోట చుట్టుమనుడు. వ్రేళ్ళు కలిసి పిక్క చుట్టును ఇంకను సందున్నచో అనుమానింపవలెను. టేపుతో కొలిచిన స్త్రీలకు 33, పురుషులకు 34 సెంటీమీటర్లకు తగ్గరాదని ఆసియా నిపుణుల సంఘము 2019లో చెప్పినది. చేతులు రొమ్ముపై ముడుచుకొని కుర్చీనుండి ఐదుమారులు లేచి కూర్చుండుటకు 12 సెకండ్లు పట్టినను అనుమానమే. నోటికి ఇంకొక పరీక్ష. ‘ప’ పెదవులతోను, ‘త’ నాలుక కొనతోను, ‘క’ నాలుక మొదటితోను పలుకుదుము. చిన్ననాడు వర్ణములకు స్థానములు చదివినవారికి ఇది క్రొత్త కాదు. ఒక్కొక్క యక్షరమును ఐదు సెకండ్లపాటు వీలైనంత వేగముగా పలికించుడు. 30 మారులకు తగ్గినచో జపానువారి లెక్కలో నోటి చురుకు తగ్గినట్లు. నిత్యము సహస్రనామము బిగ్గరగా చదువు పెద్దవారికి ఇందు మేలు కలుగవచ్చునని మాకు తోచును. అయితే అదియే చాలునని మేము చెప్పజాలము.

తిండి యొక్కటియే కండను పెంచదు; దానిని పని చేయింపవలెను. 1990లో అమెరికాలోని బోస్టనులో, వృద్ధాశ్రమమున నున్న తొంబదియేండ్లవారు పదిమందికి ఎనిమిది వారములు కాళ్ళతో బరువులెత్తు సాధన చేయించిరి. తొమ్మండుగురు నిలిచిరి. వారి కాలి బలము సగటున నూటికి 174 పాళ్ళు హెచ్చెను. తొంబదియేండ్లవారి కది సాధ్యమైనచో 72 ఏండ్లవారికి కాదనుటకు వీలేది? మనకు యంత్రములక్కరలేదు. కుర్చీనుండి లేచి కూర్చుండుట పదేసిమారులు, దినమునకు రెండు పూటలు. గోడ పట్టుకొని మడమలెత్తుట. లీటరు నీటిసీసాను చేతబట్టి మోచేయి మడచుట. పడిపోవు భయమున్నవారి ప్రక్కన ఒకరు నిలువవలెను. చైతన్యపురి, విక్టోరియా మెమోరియలు మెట్రో స్టేషనులలో యువకులు సైతము లిఫ్టు ముందు వరుస కట్టుట చూచినపుడు మాకు నవ్వు వచ్చును. నడువగలిగిన కోడళ్ళును మెట్లెక్కినచో వారి డెబ్బదవ యేటికి కొంత దాచుకొన్నట్లగును.

చివరకు నోటి సంగతి. పండ్లు పోయిన తావున కట్టుడుపండ్లు పెట్టించుటకు వయసు మించుట యుండదు. పండ్లు లేని దవడయెముక క్రమముగా అరుగును. కావున పదేండ్లనాడు చేయించినవి నేడు వదులగును. అవి కదలి, రాసి, పుండు చేయునపుడు పెద్దవారు వానిని డబ్బాలో దాచి, నోరుమూసికొని జావ త్రాగుదురు. అడిగి చూడుడు. రాత్రులందు తీసి, తోమి, నీట నుంచవలెను. క్రొత్త పండ్లు వచ్చినంతనే పాత యలవాటు పోదు; మెత్తనిదే తినుచుందురు. మొదట పప్పన్నము, పిదప ఉడికిన కూర, ఆ పిదప చపాతి, ఇట్లు మెల్లగా ఎక్కింపవలెను. పొగాకును వక్కయు మాన్పింపవలెను. వక్క నమిలి నమిలి నోరు తెరువరాని స్థితికి వచ్చినవారు కలరు. పండ్లు లేనివారికిని చిగుళ్ళు, నాలుక శుభ్రపరచుట తప్పదు. జపాను వృద్ధాశ్రమములలో నోరు శుభ్రపరచినవారికి ఊపిరితిత్తుల వాపు తగ్గినట్లు 1999లోనే ప్రకటించిరి.

భోజనమున పొలమారి దగ్గుట, తిన్న పిదప గొంతు తడిసినట్లు మాట మారుట, మూడు నెలలలో కారణము లేక తూకము తగ్గుట, వీనిలో ఏ యొకటి కనబడినను ఇంటి చిట్కాలు విడిచి వైద్యునికడకు పోవలెను. ధనము చాలనివారికి అఫ్జల్‌గంజిలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి యున్నది. దిల్‌సుఖ్‌నగరునుండి మలక్‌పేట మీదుగా పోవచ్చును. పోవునపుడు పాత కట్టుడుపండ్లను, అవి వదులైనవైనను సరియే, వెంట తీసికొనిపొండు. పెద్దవారు వాడు మందులన్నిటి చీటియు తీసికొనిపోవలెను. రక్తపుపోటుకును, నిదురకును ఇచ్చు మందులు కొన్ని నోటి తడిని ఆర్పును, తడిలేని నోట ఎంత మంచి పండ్లును నిలువవు.